పాఠం వెతక్కుండా వెళ్ళిరా

కొలంబస్, ఒహాయో
మే నెలాఖరు

చిన్నీ,

నువ్వు ఫోన్లో ఫొటో తీసి పంపిన ఉత్తరం చదివాను. చేతిరాత అచ్చం బాబాయిదే, కూడబలుక్కుంటూ చదవాల్సొచ్చింది.

ఉద్యోగంలో చేరి ఏడాది తిరక్కముందే సైన్స్ క్లబ్బు నీ నెత్తిన పెట్టారన్నమాట. కొత్తగా వచ్చినవాళ్ళకు అప్పజెప్పేవి అవేలే, సైన్స్ క్లబ్బు, ఇన్‌స్పైర్ అవార్డు నామినేషన్లు, ఎవరూ ఒప్పుకోని రిజిస్టర్లు. పక్క మండలం టీచర్లు ఇద్దరు హామ్‌ఫెస్ట్‌కి, అదే హామ్‌లు అనే ఎమెచ్యూర్ రేడియోవాళ్ళ సంతకి, వెళ్దాం రమ్మంటున్నారని రాశావు. శని ఆదివారాలు రెండూ పోతాయి, రైలు ఖర్చు మనదే, పిల్లలకు ఏమైనా పనికొస్తుందని నువ్వంటే వెళ్తానక్కా అన్నావు.

వెళ్ళు. పిల్లలకు పనికొస్తుందని మాత్రం వెళ్ళకు.

ఇది మెలికమాట కాదు. మొన్ననే మేము జీనియా వెళ్ళొచ్చాం, ఆ సంగతి చెప్తే నీకే అర్థమవుతుంది.

జీనియా అంటే మా ఊరినుంచి కారులో గంట పైచిలుకు. డేటన్ పక్కన ఉంటుంది. డేటన్ నీకు తెలుసుగా, రైట్ సోదరుల సైకిళ్ళ కొట్టు ఉన్న ఊరు. ఏటా మే నెల మూడో వారాంతంలో, శుక్రవారం మొదలు ఆదివారం దాకా, అక్కడ హామ్‌వెన్షన్ అనే పెద్ద హామ్‌ఫెస్ట్ జరుగుతుంది. 1952లో డేటన్ బిల్ట్‌మోర్ హోటల్లో మొదలైంది. 1964 నుంచి 2016 దాకా హారా అరీనా అనే హాల్లో నడిచింది. అది మూతపడ్డాక 2017లో జీనియాలో జిల్లా సంతలూ గుర్రప్పందేలూ జరిగే మైదానానికి మారింది. ఆ మొదటి ఏడు వాన కురిసి పాత సామాన్ల బజారంతా మడమలోతు బురదైన సంగతి పాతకాపులు ఇప్పటికీ చెప్పుకుంటారు. 2024లో 35 వేల మందికి పైగా వచ్చారు. నడిపేది డేటన్ ఎమెచ్యూర్ రేడియో అసోసియేషన్. పనిచేసేవాళ్ళంతా జీతం లేనివాళ్ళే.

మేము నలుగురం. మా బళ్ళో కెమిస్ట్రీ చెప్పే పెద్దాయన, చిన్నప్పటినుంచీ హామ్. నాలాగే టీచర్ల ఎక్స్ఛేంజ్ వీసా మీద ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన లెక్కల టీచరు. ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్న మన చీమకుర్తి కుర్రాడు. నేను. తెల్లారుజామునే లేచి పులిహోర కలిపాను. అక్కడ దొరికేవన్నీ సాసేజీలూ, నూనెలో వేయించి పంచదార చల్లిన పిండివంటలూను. ఎండలో అవి తిని రోజంతా తిరగలేం. నువ్వు ఏ ఊరు వెళ్ళినా తిండి మాత్రం మూట కట్టుకుని వెళ్ళు. మా పులిహోర పక్కబల్ల పెద్దాయన రుచి చూసి, ఎండుమిరపకాయ కూడా నమిలేసి, ఒక ట్రాన్సిస్టర్ రేడియో బోర్డు ధర సగానికి తగ్గించాడు.

అక్కడ నీ పేరు ఎవరూ అడగరు. టోపీ మీదా, చొక్కా మీదా, కారు నంబరు ప్లేటు మీదా కూడా కాల్‌సైనే, అంటే లైసెన్సుతో వచ్చే అక్షరాలూ అంకెలూను. ఎదురుగా వచ్చే మనిషి ముందు నీ ఛాతీమీది బ్యాడ్జీ చదివి, ఆ తరవాత మొహం చూస్తాడు. మొదట్లో ఇబ్బందిగా ఉంటుంది, ఆడవాళ్ళకు మరీను. కాసేపటికి అలవాటవుతుంది. ఏళ్ళ తరబడి గాలిలో మాట్లాడుకుని ఒక్కసారీ మొహం చూసుకోని వాళ్ళు, ఒకరి గొంతు విని ఇంకొకరు వెనక్కి తిరిగి, కాల్‌సైన్ అరిచి, కావలించుకోవడం ఆ పొద్దు చాలాసార్లు చూశాను. మా కెమిస్ట్రీ మాస్టారికీ అలాంటి మనిషి దొరికాడు. ఇక ఆయన మాకు మధ్యాహ్నం దాకా దొరకలేదు.

బయటి బజారు సంగతి చెప్పాలి. గుర్రప్పందేల బాట మధ్యనున్న మైదానంలో కార్ల డిక్కీలు తెరిచి, బల్లలు వేసుకుని, పాత సామాను పరుస్తారు. ఎర్రగడ్డ ఆదివారం సంతలో సామానంతా రేడియోలే అయితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. కాలినడకన అంతా చూడటం ఒక రోజులో అయ్యేది కాదు. వాక్యూమ్ ట్యూబులు అట్టపెట్టెల్లో గుట్టలుగా పడి ఉంటాయి. హాలిక్రాఫ్టర్స్, కాలిన్స్ రేడియోలు, ఒక్కొక్కటీ ఇద్దరు మోస్తే గానీ కదలనివి. ఇంట్లోనే కూర్చి తయారుచేసుకోమని పెట్టెలో విడిభాగాలు పెట్టి అమ్మిన హీత్‌కిట్‌లు. కెపాసిటర్లు కిలోల లెక్కన. బేరం ఆడొచ్చు, ఆడాలి కూడా. ఆడకపోతే వాళ్ళకు చిన్నతనంగా ఉంటుందనిపించింది.

మా లెక్కల టీచరు గేటు దాటగానే నోటుపుస్తకం తీసింది. ప్రతి బల్ల దగ్గరా ఒకటే ప్రశ్న, ఇది ఏ తరగతికి పనికొస్తుంది, ఎన్ని నిమిషాల్లో చెప్పొచ్చు అని. అమ్మేవాళ్ళు తెల్లమొహం వేసేవాళ్ళు. అలా నడుస్తూ నడుస్తూ మోర్స్ కీలు పెట్టుకుని కూచున్న ఒక ముసలాయన దగ్గర ఆగాం. రెండో ప్రపంచ యుద్ధంనాటి జె-38 కీలూ, పక్కకు కదిలే తెడ్డుతో చుక్కలు వాటంతటవే పడే వైబ్రోప్లెక్స్‌లూ ఉన్నాయి ఆయన దగ్గర. ఈమె అదే ప్రశ్న అడిగింది. ఆయన జవాబు చెప్పలేదు. హెడ్‌ఫోన్లు ఆమె చేతికిచ్చి, కీ ముందుకు జరిపి, పేరు కొట్టమన్నాడు.

గీత మూడు చుక్కలంత సేపు ఉండాలి. అక్షరానికీ అక్షరానికీ మధ్య కూడా అంతే ఖాళీ. వినడానికి ఇంతేకదా అనిపిస్తుంది, చేతికి రాదు. ఆమె గీతలన్నీ పొట్టిగా పడి చుక్కలైపోతున్నాయి. ఇరవయ్యేళ్ళుగా పిల్లల లెక్కలు దిద్దుతున్న మనిషి, ముక్కూమొహం తెలియని ఒకాయన ముందు తప్పు కొట్టి, నవ్వి, మళ్ళీ కొట్టి, నాలుక కరుచుకుని మళ్ళీ కొడుతోంది. వెనక వరస కట్టినవాళ్ళు ఎవరూ విసుక్కోలేదు. చివరికి పేరు వచ్చింది. నోటుపుస్తకం ఆ బల్లమీదే మర్చిపోతే నేను తీసుకొచ్చాను. ఆ తరవాతి సోమవారం ఆమె మోర్స్ పాఠమేమీ చెప్పలేదట. పిల్లలు లెక్క చేస్తుంటే తనకు తెలియకుండానే పెన్సిల్‌తో బల్లమీద టకటకలాడిస్తోంటే, ఏమిటది టీచర్ అని వాళ్ళే అడిగారట.

చిన్నీ, మన టీచర్లకు ఒక జబ్బుంది. ఏది కనపడినా టీఎల్‌ఎం, అదే బోధన సామగ్రి, చేసేస్తాం. ఐస్‌క్రీం పుల్లలు పారెయ్యం, నీళ్ళ సీసా మూతలు పారెయ్యం. అది మంచిదే, నేనూ దాస్తాను. కానీ బొర్రా గుహలు చూడ్డానికి వెళ్ళి సున్నపురాయి మీద వర్క్‌షీట్ రాసుకుంటూ నడిచే మనిషికి గుహలో చల్లదనం తగలదు. నువ్వు ఉత్తరంలో ‘పిల్లలకు’ అన్న మాట ఎన్నిచోట్ల రాశావో నువ్వే చూసుకో. నీకు ఏం ఇష్టమో ఎక్కడా రాయలేదు. పదో తరగతిలో ఉండగా మీ ఇంటి పాత ఫిలిప్స్ రేడియో విప్పి, మళ్ళీ బిగించలేక పిన్ని చేత చీవాట్లు తిన్నదానివి. ఆ పిల్ల ఎక్కడికి పోయింది? హామ్‌ఫెస్ట్‌కి ఆ పిల్లని తీసుకెళ్ళు. టీచరమ్మ ఇంట్లో ఉంటుంది.

జీనియాలో కుర్రవాళ్ళ కోసం యూత్ ఫోరం అని ఒకటి జరుగుతుంది. దాన్ని దశాబ్దాలపాటు నడిపిన మనిషి కారోల్ పెర్రీ, టీచరే. న్యూయార్క్ స్టాటెన్ ఐలాండ్‌లోని ఒక మిడిల్ స్కూల్లో ఏళ్ళ తరబడి హామ్ రేడియోనే ఒక పీరియడ్‌గా చెప్పారావిడ. ఆ ఫోరంలో వేదిక మీద మాట్లాడేది పిల్లలు, కింద కూచుని వినేది నెరిసిన తలలు. మామూలుగా మన సైన్స్ ఫెయిర్లలో పిల్లవాడు అప్పగించిన మాటలు పెద్దలు వింటారు, నీకు తెలుసు ఆ గొంతు ఎలా ఉంటుందో. ఇక్కడ పిల్లలు తాము చేసినదే చెప్తారు, అది పని చెయ్యని రోజు ఏమైందో కూడా చెప్తారు, కిందనుంచి ముసలివాళ్ళు నిజంగా తెలియకే ప్రశ్నలు అడుగుతారు. ఆ తేడా వినడానికైనా ఇలాంటి చోటికి వెళ్ళాలి.

ఇంత పొగిడాను కాబట్టి రెండోవైపు కూడా చెప్తాను. వచ్చినవాళ్ళలో మగవాళ్ళే ఎక్కువ, అందులోనూ అరవై దాటినవాళ్ళే ఎక్కువ. కొందరికి రేడియో కన్నా రేడియో ధర మీద మాట్లాడటం ఇష్టం. హాళ్ళకు మాక్సిం, టెస్లా, మార్కోనీ అని గొప్ప పేర్లు పెట్టారు గానీ లోపల మూడొంతులు దుకాణాలే. నువ్వు ఆడపిల్లవని, కొత్తదానివని, అడక్కుండానే పాఠం మొదలుపెట్టే పెద్దమనిషి ఒకడు తప్పకుండా తగుల్తాడు. ఓం సూత్రం దగ్గర్నుంచి చెప్తాడు. ఫిజిక్స్ టీచర్నని చెప్పు, తగ్గకపోతే నీళ్ళు తాగొస్తానని లేచి వెళ్ళిపో.

మన చీమకుర్తి కుర్రాడు అక్కడే టెక్నీషియన్ పరీక్ష రాశాడు. ఇక్కడ దానికి 35 ప్రశ్నలు, 26 సరిగ్గా రాస్తే చాలు. పరీక్ష పెట్టేది కూడా వాలంటీర్ హామ్‌లే. మోర్స్ రావాలన్న నియమం 2007 నుంచి ఏ లైసెన్సుకూ లేదు. అమెరికా పౌరుడు కానక్కర్లేదు, ఇక్కడ ఉత్తరాలు అందే చిరునామా ఉంటే సరిపోతుంది. ఇంతమంది తెలుగు ఇంజినీర్లున్న దేశంలో మనవాళ్ళ కాల్‌సైన్లు ఆ టోపీల మీద ఎందుకంత తక్కువ కనపడ్డాయా అనుకున్నాను. వాడికి కారణం తెలుసు. శని ఆదివారాలు పిల్లల్ని క్లాసులకు తిప్పడానికే సరిపోతాయట. చూశావా, మళ్ళీ పిల్లలే.

మన దేశంలో ఆ పరీక్షను కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం పెడుతుంది. పన్నెండేళ్ళు నిండితే ఎవరైనా రాయొచ్చు, అంటే మీ ఎనిమిదో తరగతి వాళ్ళు కూడా. రిస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్స్ అక్కర్లేదు, జనరల్‌కు నిమిషానికి 8 పదాల వేగం రావాలి. హైదరాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎమెచ్యూర్ రేడియో ఉంది, వాళ్ళను అడుగు, దారి చెప్తారు. లైసెన్సు చేతికి రాకముందు మైకు బటన్ నొక్కకు. ఆన్‌లైన్‌లో చవగ్గా వస్తోందని వాకీటాకీ అసలే కొనకు. సర్కారు బడి టీచరువి, దానితో వచ్చే తలనొప్పి నీకెందుకు.

ఇండియా అనగానే ఆ సంతలో ముసలివాళ్ళకు గుర్తొచ్చేవి రెండు. రెండూ మన పక్కనుంచి వెళ్ళినవే, నాకు గొప్పగా అనిపించింది.

ఉపగ్రహాల హామ్‌ల బల్ల దగ్గర నేను భారతీయురాలినని చెప్పగానే ఒకాయన ‘వీఓ-52’ అన్నాడు. అది మన హామ్‌శాట్. 2005 మే 5న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ6 మీద కార్టోశాట్-1తో కలిసి ఎగిరింది. నలభై రెండున్నర కిలోల బరువు. అందులో రెండు ట్రాన్స్‌పాండర్లు, ఒకటి మనవాళ్ళది, ఇంకొకటి నెదర్లాండ్స్ హామ్ విద్యార్థి చేసింది. 2014 దాకా ప్రపంచంలోని హామ్‌లు, డబ్బు కట్టకుండా, దాని ద్వారా మాట్లాడుకున్నారు. బల్ల దగ్గరి ఆయన తన ఇంటి పెరట్లో నిలబడి చేత్తో యాంటెన్నా పట్టుకుని దాని ద్వారా మాట్లాడాడట. అప్పుడు నువ్వు పలక పట్టుకుని తిరుగుతున్నావు, నేను బి.ఎడ్. ఎంట్రన్స్‌కి చదువుతున్నాను. మనకు తెలియనే తెలియదు.

రెండోది అండమాన్. వీయూ4 అనేది అక్కడి కాల్‌సైన్ల మొదలు. ఏళ్ళ తరబడి అక్కడినుంచి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి ప్రపంచంలోని హామ్‌లందరికీ అది అప్పట్లో దొరకని సరుకు. 2004 డిసెంబరులో హైదరాబాద్ ఇన్‌స్టిట్యూట్ తరపున భారతీ ప్రసాద్ అనే ఆవిడ బృందంతో పోర్ట్‌బ్లెయిర్ వెళ్ళి హోటల్ గదిలో స్టేషన్ పెట్టింది. ప్రపంచమంతా ఆమెతో ఒక్క మాట కలపాలని వరస కట్టింది. 26వ తేదీ పొద్దున సునామీ వచ్చింది. ఫోన్లు పోయాయి. సరదాగా కాల్‌సైన్లు ఇచ్చిపుచ్చుకోవడానికి పెట్టిన ఆ రేడియో మీదే, ఎవరు బతికున్నారు, ఎక్కడున్నారు అన్న కబుర్లు ద్వీపాలనుంచి దేశానికి చేరాయి. ఆవిడ అక్కడికి సేవ చెయ్యడానికి వెళ్ళలేదు, గుర్తుంచుకో. ఇష్టంతో వెళ్ళింది. పరికరమూ, చేతికి వచ్చిన పనీ ఉన్నాయి కాబట్టి ఆ పొద్దున పనికొచ్చాయి.

ఇప్పుడు నీ హామ్‌ఫెస్ట్ సంగతి. స్నేహితురాళ్ళతో వెళ్తున్నావు కాబట్టి ముందే ఒప్పందం చేసుకోండి, లోపల ఎవరి దారి వాళ్ళది, ఒంటిగంటకు ఫలానా చెట్టు కింద భోజనం అని. ముగ్గురూ చెయ్యి చెయ్యి పట్టుకుని తిరిగితే ముగ్గురిలో అందరికన్నా తక్కువ ఆసక్తి ఉన్నదాని వేగంతో నడవాల్సొస్తుంది. మధ్యాహ్నం కలిసి తినేటప్పుడు ఎవరు ఏం చూశారో చెప్పుకోండి. మాకు ఆ గంటే అన్నిటికన్నా బాగుంది. కెమిస్ట్రీ మాస్టారు తన గాలి స్నేహితుణ్ణి కూడా తీసుకొచ్చాడు, కుర్రాడు పరీక్ష ప్యాసైన కాగితం తెచ్చాడు, లెక్కల టీచరు ఇంకా వేళ్ళతో గీతలు కొడుతూనే ఉంది.

మొదటి రోజు ఏమీ కొనకు. రెండో రోజు కొనాలనిపిస్తే యాంటెన్నాకు కావలసినవి కొను, సెట్టు వద్దు. రాగి తీగ, కోయాక్సియల్ కేబులు, కనెక్టర్లు. మంచి యాంటెన్నా ఉంటే చిన్న సెట్టు కూడా వింటుంది, చెడ్డ యాంటెన్నాకు లక్ష రూపాయల సెట్టు తగిలించినా చెవిటిదే. ఎవరైనా ‘నాకు కొత్త’ అంటే కుర్చీ వేసే మనిషి అలాంటి చోట ఒకరిద్దరు కచ్చితంగా ఉంటారు. వాళ్ళ పక్కన కూచో. ఉపన్యాసాల కన్నా ఆ కుర్చీ మేలు. వాళ్ళు నీ ఊరికి దగ్గరలో ఉన్న హామ్ ఎవరో కూడా చెప్తారు, నీకు అదే కావాలి.

జూన్‌లో బడి తెరిచేలోగా ఇంట్లోనే మొదలుపెట్టడానికి ఒకటి చెప్తాను. నెదర్లాండ్స్‌లో ట్వెంటే విశ్వవిద్యాలయం వాళ్ళ వెబ్‌ఎస్‌డీఆర్ ఉంది, బ్రౌజర్లో తెరిస్తే చాలు, వాళ్ళ యాంటెన్నా మీదికి వచ్చేదంతా నీకు వినపడుతుంది. పొద్దున్నే ఒకసారి, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి 7 మెగాహెర్ట్జ్ దగ్గర విను. అక్కడి టైము మనకన్నా మూడున్నర, నాలుగున్నర గంటలు వెనక అని గుర్తుపెట్టుకో. అక్కడ పగలు దగ్గరి ఊళ్ళు, చీకటిపడ్డాక ఖండాలు దాటి వస్తాయి. పగటి ఎండకు తయారయ్యే డి పొర ఆ తరంగాలను మింగేస్తుంది, సూర్యుడు పోతే ఆ పొర కరిగిపోయి, పైనున్న ఎఫ్ పొర వాటిని తిప్పి పంపుతుంది. ఇది పుస్తకంలో చదివినదానివే. చెవితో వింటే వేరుగా ఉంటుంది, అంతకన్నా చెప్పను.

రెండో మెట్టు అంతరిక్ష కేంద్రం. దాని మీది హామ్ రేడియో 145.800 మెగాహెర్ట్జ్ మీద కిందికి మాట్లాడుతుంది. 2025 జులైలో వ్యోమగామి శుభాంశు శుక్లా అక్కడినుంచి మన పిల్లలతో మాట్లాడింది హామ్ రేడియో మీదే. ఎప్పుడూ మాట్లాడుతూ ఉండరు, అప్పుడప్పుడూ బొమ్మలు కూడా శబ్దంగా మార్చి పంపుతారు, ఆ రోజులు ముందే ప్రకటిస్తారు. నీ నెత్తిమీదనుంచి వెళ్ళే పది నిమిషాల్లో వినాలి. వస్తున్నప్పుడు మూడు కిలోహెర్ట్జ్‌ల పైచిలుకు పైన, పోతున్నప్పుడు అంతే కింద వినపడుతుంది, ఎందుకో నీకు చెప్పక్కర్లేదు. ఒక్కో చెయ్యి 49 సెంటీమీటర్ల డైపోల్ యాంటెన్నా చాలు. పీవీసీ పైపుకు వడ్రంగి స్టీలు టేపు ముక్కలు కట్టి యాగీ యాంటెన్నా చేస్తే ఇంకా బాగా వస్తుంది. కింద తగిలించే రిసీవరు సంగతి హామ్‌ఫెస్ట్‌లో ఆ కుర్చీ వేసిన మనిషిని అడుగు.

ఆ పైపు పట్టుకుని మేడమీద నిలబడితే పిల్లలు వస్తారు. పిలవకు. వచ్చినవాళ్ళను వెళ్ళగొట్టకు.

7 మెగాహెర్ట్జ్ డైపోల్ అయితే దాదాపు 20 మీటర్ల పొడవు తీగ కావాలి. 300ని మెగాహెర్ట్జ్‌లతో భాగించి, అందులో సగం తీసుకుని, ఐదు శాతం తగ్గించు, అంతే లెక్క. ఎంత ఎత్తున కడితే అంత మంచిది, కరెంటు తీగలకు దూరంగా. మీ బడి మేడ ఎంత పొడవుందో నాకు గుర్తులేదు. హెడ్మాస్టారు గారిని అడిగి తాళం తీయించి, టేపుతో కొలిచి రాయి. సరిపోకపోతే ఆవరణలో ఆ వేపచెట్టు దాకా లాగొచ్చేమో కూడా చూసి చెప్పు. డిసెంబరులో నేను వచ్చేటప్పుడు కేబులు తేవాలా వద్దా అన్నది దాన్ని బట్టి ఉంటుంది.

పిన్నికీ బాబాయికీ నమస్కారాలు. పులిహోరలో ఇంగువ ఎక్కువైందని పిన్నితో చెప్పకు.

నీ
అక్క